సగం వరసలో ఆపకండి

కిందటి దసరాకు అటక దులుపుతుంటే పాత ట్రంకు పెట్టెలోంచి ఒక పసిపిల్లల స్వెటర్ బయటపడింది. నీలం ఊలు. వెనక భాగం జానెడు పొడవు వచ్చి ఆగిపోయింది. సూదులు రెండూ దానికే ఉన్నాయి. కొన్ని కుట్లు ఈ సూది మీద, కొన్ని ఆ సూది మీద. అంటే వరస మధ్యలో వదిలేశాను.

అది 24 ఏళ్ల నాటి పని. అప్పట్లో మేం సికింద్రాబాద్‌లో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పక్క క్వార్టర్లో ఉండే పంజాబీ ఆంటీ మధ్యాహ్నం పూట మెట్ల మీద కూర్చుని స్వెటర్లు అల్లేది. పక్కన చేరి నేర్చుకున్నాను. సీదా కుట్టు, ఉల్టా కుట్టు అనే ఆవిడ మాటలే ఇప్పటికీ నా నోట్లో ఆడతాయి. అక్క పురిటికి వచ్చినప్పుడు, పుట్టబోయే బిడ్డకోసం ఈ నీలం స్వెటర్ మొదలుపెట్టాను. మధ్యలో ఇంట్లో పెళ్లి వచ్చింది. మూడు వారాలు సూదులు ముట్టుకోలేదు. మళ్లీ చేతిలోకి తీసుకుంటే ఎటు నుంచి ఎటు అల్లుతున్నానో, ఎన్నో వరసలో ఉన్నానో, చంక దగ్గర కుట్లు ఎప్పుడు తగ్గించాలో ఒక్కటీ గుర్తు లేదు. రేపు తీరిగ్గా చూద్దాం అనుకుని పెట్టెలో పెట్టేశాను.

నాకు పట్టుదల లేదని చాలా ఏళ్లు నన్ను నేను నిందించుకున్నాను. పన్నెండేళ్లుగా క్రమం తప్పకుండా అల్లుతున్నాక అసలు సంగతి తెలిసింది. ఆ రోజు నాకు లేనిది పట్టుదల కాదు, ఆపే పద్ధతి. ఏ పనినైనా ఏకబిగిన పూర్తి చేసే వీలు మనలో ఎవరికీ ఉండదు. పెళ్లిళ్లు వస్తాయి, జ్వరాలు వస్తాయి, బదిలీలు వస్తాయి, పిల్లల పరీక్షలు వస్తాయి. అందరి పనులూ ఆగుతాయి. తిరిగి అందుకోవడానికి వీలుగా ఆపినవారి పని పూర్తవుతుంది. ఎలాగోలా వదిలేసినవారి పని అటకెక్కుతుంది.

రేకు డబ్బాలోని కాపలాదార్లు

నా అల్లిక సామాను ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో పడుతుంది. అల్లేవి సూదులే. కానీ డబ్బాలో ఎక్కువ భాగం సూదులు కావు. గుండు మొన ఉన్న లావు సూది ఒకటి, చిన్న కత్తెర, టేపు, ఒక క్రోషే సూది, నాలుగైదు పిన్నీసులు, ఎర్రదారంతో ముడివేసిన చిన్న చిన్న వలయాలు, సూది మొనలకు తొడిగే రబ్బరు టోపీలు, అరచేతిలో పట్టే నోటు పుస్తకం, పెన్సిలు. వీటిలో ఏదీ ఒక్క వరస కూడా అల్లదు. అల్లినదాన్ని కాపాడటమే వీటి పని.

రబ్బరు టోపీలు లేనప్పుడు రబ్బరు ముక్కను రెండుగా కోసి మొనలకు గుచ్చేదాన్ని. పని పక్కన పెట్టినప్పుడు కుట్లు జారిపోకుండా అవే ఆపుతాయి. ఎర్రదారం వలయాలు సూది మీద గుర్తులు. ప్రతి 20 కుట్లకు ఒకటి వేస్తే 160 కుట్ల వరసను మొదటి నుంచీ లెక్కపెట్టుకోనక్కర్లేదు. తప్పు ఏ ఇరవైలో ఉందో వెంటనే తెలుస్తుంది. నోటు పుస్తకంలో వరసకొక గీత గీస్తాను, అయిదో గీత అడ్డంగా. ఊలు ఉండ మీద చుట్టి వచ్చే కాగితాన్ని కూడా అందులోనే అంటిస్తాను. దాని మీద రంగు లాట్ నంబరు ఉంటుంది. ఒకే నీలమైనా లాట్ మారితే ఛాయ మారుతుంది. సగం స్వెటర్ ఒక నీలం, సగం మరో నీలం అయ్యాక బాధపడి లాభం లేదు.

ఇంత సరంజామా ఎందుకు, గుర్తుపెట్టుకోలేమా అని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. కుక్కరు కూత, ఫోను మోత, గుమ్మంలో పాలవాడు, ఈ మధ్యలో 47వ వరసో 49వ వరసో జ్ఞాపకం ఉండదు. ఉండాలని ఆశించడం మనసు మీద అనవసరమైన బరువు. ఆ బరువు కాగితం మీదికి దించేస్తే మనసు అల్లిక మీద నిలుస్తుంది. క్రమశిక్షణ గుండెలోంచి పుట్టుకొచ్చే శక్తి అని మనకు చెబుతుంటారు. నా అనుభవంలో అది చాలావరకు చేతికందేంత దూరంలో పెట్టుకున్న పెన్సిలు.

మొదటి ఆగడం: కొలతకోసం

కొత్తగా అల్లేవారు తరచూ దాటేసే మెట్టు నమూనా ముక్క. అసలు పని మొదలుపెట్టే ముందు అదే ఊలుతో, అదే సూదులతో 10 సెంటీమీటర్ల కంటే కాస్త పెద్ద చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టాలి. అల్లికల పుస్తకంలో 22 కుట్లని ఉంది, మీ చేతికి 20 వచ్చాయనుకోండి. రెండే కదా అనిపిస్తుంది. 220 కుట్ల స్వెటర్ పుస్తకం లెక్కన 100 సెంటీమీటర్ల చుట్టుకొలత రావాలి. మీ చేతిలో అది 110 అవుతుంది. నెల రోజుల కష్టం భుజాల మీద నుంచి జారిపోతుంది. తప్పు పుస్తకానిది కాదు, మీదీ కాదు. కొందరు ఊలును బిగించి అల్లుతారు, కొందరు వదులుగా అల్లుతారు. ఎవరి చేయి వారిది. అందుకే ఎవరి కొలత వారు తీసుకోవాలి. కావాలంటే సూది నంబరు మార్చుకోవచ్చు. మన దుకాణాల్లో 8 నంబరు సూది అంటే 4 మిల్లీమీటర్ల మందం. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది.

ఈ విషయంలో నేను గురువుగా భావించేది ఎలిజబెత్ జిమ్మర్‌మన్‌ను. 1910లో ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో స్థిరపడి, 1971లో ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’ పుస్తకం రాసి, 1999లో కన్నుమూసిన అల్లికల గురువు ఆమె. ఇతరుల లెక్కలను గుడ్డిగా అనుసరించవద్దని, మీ చేతి కొలత మీరు తీసుకుని దాని నుంచే స్వెటర్ మొత్తాన్ని లెక్కగట్టుకోమని నేర్పారు. ఛాతీ దగ్గర ఎన్ని కుట్లో తేలితే, చేతులకు, మెడకు ఎన్ని కావాలో అందులో ఇంత శాతమని తేల్చే పద్ధతి ఆమెది. నమూనా ముక్క అల్లడం వృథా అనిపించేవారికి ఒక టోపీ అల్లమని చెప్పారు. కొలతా తెలుస్తుంది, టోపీ మిగులుతుంది.

అల్లికలోనే కాదు, ఏ కొత్త పని తలపెట్టేటప్పుడైనా ఈ చేతి కొలత పాఠం నాకు ఎంతో ఉపయోగపడింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివి ర్యాంకు తెచ్చుకున్నవారి కథ విని, మనమూ అలారం పెట్టుకుంటాం. వారం తిరక్కుండా మానేసి, మన వల్ల కాదనుకుంటాం. అది వారి చేతి కొలత. మీకు ఏ వేళలో మనసు నిలుస్తుంది, ఎన్ని నిమిషాలు నిలుస్తుంది? వారం రోజులు గమనించి రాసుకోండి. అదే మీ నమూనా ముక్క.

రెండో ఆగడం: దారి దారం

షెట్లాండ్ దీవుల్లో, రష్యాలోని ఒరెన్‌బర్గ్‌లో అల్లే సన్నని లేసు శాలువాలకు పెద్ద పేరు. శాలువా మొత్తం పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేంత పల్చగా ఉంటాయని చెబుతారు. అంత సన్నని పనిలో ఒక్క కుట్టు జారినా కింది దాకా చీలిక పడుతుంది. లేసు అల్లేవారు ఇందుకొక ఉపాయం చేస్తారు. సరిగ్గా వచ్చిందని నమ్మకం కుదిరిన వరసలోని కుట్లన్నింటి గుండా గుండుమొన సూదితో వేరే రంగు దారం దూర్చి ఉంచుతారు. తరవాత ఎక్కడ తప్పు జరిగినా ఆ దారం దాకానే విప్పాలి. దాని కింద ఉన్నదంతా భద్రం. నేను దాన్ని దారి దారం అంటాను. ప్రతి పది వరసలకు ఒకటి వేస్తాను. పని అయిపోయాక లాగేస్తే ఆనవాలు కూడా మిగలదు.

అది ఉందన్న ధైర్యంతోనే నేను కొత్త డిజైన్లు ప్రయత్నించగలిగాను. విప్పాల్సి వస్తే ఎంత విప్పాలో ముందే తెలిస్తే తప్పంటే భయం తగ్గుతుంది. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ వరసలోనే కనిపెడితే కుట్టును క్రోషే సూదితో ఎత్తి సరిచేయవచ్చు. పట్టనట్టు ముందుకెళితే 30 వరసలు విప్పాలి. జమాఖర్చుల పుస్తకంలో నెలాఖరు సరిచూసుకోవడం, పాఠం అయ్యాక పుస్తకం మూసి ఒకసారి సొంత మాటల్లో చెప్పుకోవడం, భార్యాభర్తలు ఆ రోజు మాటపట్టింపును ఆ రోజే మాట్లాడుకోవడం, ఇవన్నీ దారి దారాలే.

ఆగుతూ సాగిన పని

ఆగి, అందుకుని, మళ్లీ ఆగి పని చేయడం మన గోదావరి జిల్లా ఆడవాళ్లకు తరతరాలుగా తెలుసు. నరసాపురం లేసు క్రోషే సూదితో అల్లేది. క్రోషేలో ఏ క్షణంలోనైనా తెరుచుకుని ఉండే కుట్టు ఒక్కటే. ఎక్కడ ఆపినా ఆ ఒక్కదాన్ని కాపాడితే చాలు. సూదుల అల్లికలో వందా రెండు వందల కుట్లు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా, పిల్ల నిద్రలేచేలోగా చేతిలోకి తీసుకునే పనికి క్రోషే చక్కగా కుదురుతుంది. వంటపని, ఇంటిపని మధ్యనే వాళ్లు దేశవిదేశాలకు వెళ్లే లేసు అల్లారు. అయినా వాళ్లను కేవలం గృహిణులుగా, ఆ శ్రమను తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టారని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తునకలు తునకలుగా దొరికిన సమయంలో చేసిన పని చిన్న పని కాదని ఆ చేతులు చెబుతున్నాయి. నాకు తీరిక దొరకట్లేదు అనే ముందు వాళ్లను తలచుకుంటాను.

మీ పనిలో మొదలుపెట్టండి

సంగీతమైనా, పోటీ పరీక్షైనా, కంప్యూటరు కోర్సైనా, మీరు వదిలేసిన పని ఒకటి ఉంటుంది. దాన్ని అందుకునే ముందు మూడు అలవాట్లు చేసుకోండి.

ఆపేటప్పుడు వరస చివర ఆపండి. అలసిపోయి చేతులు వాలిపోయేదాకా కాకుండా, ఒక చిన్న భాగం ముగిసిన చోట. లేచే ముందు ఒక చీటీ రాయండి. ఎంతవరకు అయిందో కాదు, తరవాత చేయాల్సింది ఏమిటో. “మూడో అధ్యాయం” అని రాస్తే చాలదు. “మూడో అధ్యాయం, అయిదో లెక్క, సూత్రం ఎడమ పేజీలో” అని రాయండి. మూడు వారాల తరవాత చీటీ చదివే మీకు ఈ రోజు సంగతి ఏదీ గుర్తుండదని అనుకుని రాయండి. ఇక పనికి కావలసినవన్నీ ఒకే సంచిలో ఉంచండి. సూది ఒకచోట, ఊలు ఒకచోట వెతకడంలోనే సగం ఉత్సాహం చస్తుంది.

సమయం తక్కువని దిగులు వద్దు. నిమిషానికి 20 కుట్లు అల్లగలిగితే 60 కుట్ల వరసకు మూడు నిమిషాలు. పావుగంటకు అయిదు వరసలు, దాదాపు రెండు సెంటీమీటర్లు. పది రోజులకు పసిపిల్లల స్వెటర్ వెనక భాగం చంక దాకా వస్తుంది. మధ్యలో రెండు రోజులు తప్పినా ఫరవాలేదు, చీటీ ఉంది కాబట్టి.

ఆ నీలం స్వెటర్ సంగతి. అది ఎవరికోసం మొదలైందో ఆ బిడ్డ ఇప్పుడు ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను దాన్ని విప్పేశాను. అన్నేళ్లు కుట్టుగా ఉండిపోయిన ఊలు వంకీలు వంకీలుగా ఊడి వచ్చింది. కుర్చీ వీపుకు చిలపగా చుట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడితోనే కొక్కేనికి వేలాడదీస్తే మర్నాటికి చాలావరకు సాఫీ అయింది. వాడి తల చుట్టుకొలత ఫోనులో అడిగాను, 56 సెంటీమీటర్లు. బిగువుగా పట్టి ఉండటానికి కాస్త తగ్గించి, నా చేతి కొలతతో టోపీకి 100 కుట్లు వేశాను. మధ్యలో రెండుసార్లు ఊరికి వెళ్లాల్సి వచ్చింది. రెండుసార్లూ చుట్టు పూర్తి చేసి, మొనలకు రబ్బరు టోపీలు తొడిగి, పుస్తకంలో రెండు మాటలు రాసి లేచాను. మొదటిసారి పది రోజుల తరవాత తిరిగొచ్చి పుస్తకం తెరిస్తే అందులో ఇలా ఉంది: “29వ చుట్టు అయింది. 30 నుంచి కుట్లు తగ్గించు.”

సూదులు తీసుకుని 30వ చుట్టు మొదలుపెట్టాను.