త్రో బౌలింగ్ అంటే ఏమిటి? అంపైరు ఏం చెయ్యాలి?



పోయిన ఆదివారం మన మైదానంలో జరిగిన గొడవ మీ అందరికీ తెలుసు. మన తరగతి అబ్బాయి ఒకడు బంతి వెయ్యగానే "త్రో! త్రో!" అని అరిచాం. అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. అంపైరుగా నిలబడ్డవాడు బ్యాటింగ్ జట్టువాడే. వాడు సరిగ్గా చూడకుండానే "నీకు బౌలింగ్ లేదు, పో" అన్నాడు. ఆ అబ్బాయి బంతి అక్కడే పడేసి వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఆటల పీరియడ్‌లో మెస్ మెట్ల మీద కూర్చుంటున్నాడు.

వాడి కుడి చెయ్యి పూర్తిగా తిన్నగా రాదు. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడితే ఊళ్లోనే కట్టు కట్టించారు. ఎముక వంకరగా అతుక్కుంది. మరి వంకర చెయ్యితో వేస్తే అది త్రో అవుతుందా? పి.ఇ.టి. మాస్టారిని అడిగి, రూల్సు పుస్తకం చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

రూలు ఏం చెబుతుంది?

క్రికెట్ చట్టాల్లో 21వది నో బాల్ గురించినది. అందులో చెయ్యి గురించి ఇలా ఉంది. బౌలరు చెయ్యి తిప్పుతూ భుజం ఎత్తుకు తెచ్చిన దగ్గర్నుంచి బంతి వదిలేదాకా మోచెయ్యిని తిన్నగా చాపకూడదు. కొంచెం చాపినా, పూర్తిగా చాపినా తప్పే. మణికట్టు మాత్రం ఎంతైనా తిప్పుకోవచ్చు.

ఇక్కడే మనం పొరపాటు పడుతున్నాం. చెయ్యి వంగి ఉండటం తప్పు కాదు! వంగిన చెయ్యి చివర్లో చాచుకోవడం తప్పు. మొదట్నుంచీ వంగి, వదిలేదాకా అలాగే వంగి ఉంటే అది మంచి బంతే.

ఎందుకీ రూలు? మామిడికాయ కొట్టడానికి రాయి ఎలా విసురుతాం? మోచెయ్యి వెనక్కి మడిచి ఒక్కసారి చాపుతాం. ఆ చాపడంలోనే అదనపు వేగం వస్తుంది. బౌలరు అలా వేస్తే బ్యాటింగ్ చేసేవాడికి అన్యాయం.

ఒక ప్రయోగం

జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసి 15 డిగ్రీల కోణం గీయండి. ఎంత చిన్నదో చూశారా! మంచి బౌలర్ల చెయ్యి కూడా వేగంలో కొంచెం చాచుకుంటుందని కెమెరాలతో పరీక్షిస్తే తెలిసింది. అందుకని 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో 15 డిగ్రీల వరకు చాచుకుంటే ఒప్పుకుంటున్నారు. అంత చిన్న తేడా మామూలు కంటితో కొలవలేం. పెద్ద ఆటల్లో అనుమానం వస్తే అంపైర్లు రిపోర్టు రాస్తారు. ఆ బౌలర్ని పరీక్షకు పంపుతారు. తప్పని తేలితే ఆపుతారు. సరిచేసుకుని వస్తే మళ్లీ వెయ్యనిస్తారు.

మైదానంలో అంపైరు చెయ్యాల్సిన పని

1. స్క్వేర్ లెగ్‌లో, అంటే బ్యాటింగ్ చేసేవాడికి పక్కగా నిలబడే అంపైరుకే ఇందులో ముఖ్య బాధ్యత. పక్కనుంచి మోచెయ్యి బాగా కనబడుతుంది. బౌలరు వైపు అంపైరు కూడా చెప్పొచ్చు.

2. త్రో అని నమ్మకం కుదిరితే వెంటనే "నో బాల్" అని చెప్పి చెయ్యి పక్కకు చాపాలి. ఎదుటి జట్టుకి ఒక పరుగు వస్తుంది.

3. ఆ బంతి ఆట అయిపోయాక రెండో అంపైరుకు చెప్పాలి. తర్వాత బౌలర్ని హెచ్చరించాలి. ఇదే మొదటి హెచ్చరిక, ఇదే ఆఖరిది. అతని కెప్టెన్‌కీ, బ్యాటింగ్ చేసేవాళ్లకీ కూడా తెలపాలి.

4. మళ్లీ అలాగే వేస్తే మళ్లీ నో బాల్. అప్పుడు కెప్టెన్‌తో చెప్పి బౌలింగ్ ఆపించాలి. ఆ ఇన్నింగ్స్‌లో ఇక అతను వెయ్యకూడదు. మిగిలిన ఓవరు ఇంకొకరు పూర్తి చేస్తారు.

చూడండి, ఎక్కడా "అరవండి" అని లేదు. "మైదానం నుంచి వెళ్లగొట్టండి" అని కూడా లేదు. బౌలింగ్ ఆగినా అతను ఫీల్డింగ్ చెయ్యొచ్చు, బ్యాటింగ్ చెయ్యొచ్చు.

ఇద్దరు బౌలర్ల కథ

జెఫ్ గ్రిఫిన్ దక్షిణాఫ్రికా బౌలర్. చిన్నప్పుడు జరిగిన ప్రమాదం వల్ల అతని కుడి చెయ్యి కూడా తిన్నగా వచ్చేది కాదు. 1960లో లార్డ్స్ టెస్టులో ఇంగ్లండు మీద హ్యాట్రిక్ తీశాడు. అదే టెస్టులో త్రో అని 11 సార్లు నో బాల్ ఇచ్చారు. ఆ టెస్టు తొందరగా అయిపోతే జనం కోసం ఒక సరదా మ్యాచ్ పెట్టారు. అందులోనూ నో బాల్స్ ఇచ్చారు. పాపం, చివరికి చెయ్యి కిందనుంచి వేసి ఆ ఓవరు ముగించాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లే. మళ్లీ టెస్టు ఆడలేదు.

రెండో అతను శ్రీలంక ముత్తయ్య మురళీధరన్. పుట్టుకతోనే మోచెయ్యి పూర్తిగా తిన్నగా రాదు. 1995 డిసెంబరు 26న మెల్‌బోర్న్ టెస్టులో అంపైర్ డారెల్ హెయిర్ అతనికి 7 సార్లు నో బాల్ ఇచ్చాడు. అంతమంది జనం ముందు! కానీ కెప్టెన్ అర్జున రణతుంగ అతని పక్షాన నిలబడ్డాడు. తర్వాత కెమెరాలు పెట్టి అతని చెయ్యిని పరీక్షించారు. వాదన చాలా ఏళ్లు సాగింది. 2010లో టెస్టు ఆట మానేసేనాటికి అతనికి టెస్టుల్లో 800 వికెట్లు ఉన్నాయి. ఇప్పటిదాకా అన్ని వికెట్లు ఎవరూ తియ్యలేదు.

ఒకరి చెయ్యి వంకర అయినా, తిన్నగా ఉన్నా, చూడకుండా తీర్పు చెప్పకూడదు. తప్పు ఉంటే జనం ముందు పరువు పోయేదాకా ఆగకుండా, ప్రాక్టీసులోనే చెప్పాలి.

అమెరికా పిల్లల ఆటలో

బేస్‌బాల్‌లో మోచెయ్యి వంచి విసరడమే పద్ధతి. అక్కడ తప్పు వేరు. విసరబోయినట్టు చేసి మధ్యలో ఆగిపోవడంలాంటివి తప్పులు. పెద్దవాళ్ల ఆటలో ఆ తప్పుకి బేసుల మీద ఉన్నవాళ్లంతా ఒక్కో బేసు ముందుకు పోతారు. లిటిల్ లీగ్ అనే పిల్లల ఆటలో చిన్న పిల్లల విభాగాల్లో అంత శిక్ష లేదు. ఆ విసురుని బ్యాటింగ్ చేసేవాడికి లాభంగా ఒక "బాల్" అని లెక్క వేస్తారు, అంతే. నేర్చుకునే వయసువాళ్లని అంపైరు నేర్చుకునేవాళ్లలాగే చూడాలి కదా!

మనం ఏం చేద్దాం?

* ఆడని తరగతివాళ్లు ఇద్దరు అంపైర్లుగా ఉండాలి. ఒకరు తప్పనిసరిగా స్క్వేర్ లెగ్‌లో ఉండాలి. బంతిని కాదు, మోచెయ్యిని చూడాలి.
* "త్రో" అని చెప్పే హక్కు అంపైరుకే. గట్టు మీద కూర్చున్నవాళ్లకి లేదు.
* అనుమానం ఉంటే ఆట అయ్యాక పి.ఇ.టి. మాస్టారి దగ్గరకు తీసుకెళ్లాలి. మెల్లగా పది బంతులు వేయించి పక్కనుంచి చూడాలి.

వార్డెన్ గారికి ఒక మనవి. ఇకమీదట మ్యాచ్‌లకు ముందే అంపైర్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టించండి సార్.

నిన్న సాయంత్రం నేను ఆ అబ్బాయిని పిలిచి పక్కనుంచి చూశాను. ఆరు బంతులు వేశాడు. నాకు కనిపించినంతవరకు చెయ్యి మొదట ఎంత వంగి ఉందో చివరిదాకా అంతే ఉంది. మాస్టారు కూడా చూస్తానన్నారు. వాడికి నేను సారీ చెప్పాను. మీరూ చెప్పండి. వచ్చే ఆదివారం మెట్ల మీంచి వాణ్ని అందరం కలిసి పిలుద్దాం.

ప్రశ్నలు

1. వంగిన చెయ్యితో వేసిన ప్రతి బంతీ నో బాల్ అవుతుందా? ఎందుకు?
2. మోచెయ్యి ఏ అంపైరుకు బాగా కనబడుతుంది?
3. రెండోసారి త్రో చేస్తే అంపైరు ఎవరికి చెప్పి బౌలింగ్ ఆపిస్తాడు?

జవాబులు ఈ వ్యాసంలోనే ఉన్నాయి. వెతకండి!

— 9వ తరగతి విద్యార్థి