గులాబీ ఆకు పసుపైతే... ఏ ఆకో చూడండి!



గులాబీ మొక్క ఎదగక, ఆకులు పసుపెక్కితే వెంటనే యూరియా వేయకండి. ముందు ఏ ఆకులు పసుపయ్యాయో పిల్లలనే చూసి చెప్పమనండి.

కింది ముదురాకులైతే నత్రజని లోపం కావచ్చు. మాగిన పశువుల ఎరువు వేయండి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేర్లకు గాలి అందదు; నీళ్లు తగ్గించండి.

లేతాకులు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోపం. మన ఇళ్లలో పరిచే తాండూరు నాపరాయి సున్నపురాయే. దాని పొడి, సిమెంటు కలిసిన మట్టిలో ఇనుము ఉన్నా వేర్లు తీసుకోలేవు. దీనికి యూరియా మందు కాదు. పెద్దవాళ్లే లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి.

పాత ఆకులను కాదు, కొత్త చిగుర్లను గమనించండి. అవి ఆకుపచ్చగా వస్తే మీ పిల్లల పరిశీలన సరైనదే!