యంత్రమూ ప్రాణమూ : చిత్రసీమ కల్పనలో సమ్మతి ప్రశ్న

శ్రోతను ఎదుట కూర్చుండబెట్టి కథ చెప్పడం కళలో ఒక పద్ధతి. కల్పించిన లోకంలోనికే అతనిని నడిపించుకొని పోవడం మరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతిలో వెలసిన కళానిర్మాణాన్ని నేడు పాశ్చాత్యులు ‘ఇన్‌స్టలేషన్’ అంటున్నారు. ప్రేక్షకుడు దాని ముందు నిలబడి చూడడు; దాని లోపల తిరుగుతాడు. వెలుగు, ధ్వని, ఒక్కొక్కచోట వాసన కూడా అతనిని అన్ని వైపుల నుండి ఆవరిస్తాయి. ఇటీవల ఈ కళకు ఒక విశిష్టమైన వస్తువు లభించినది. కృత్రిమ మేధ, అనగా ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, సజీవ ప్రాణులతో కలిసిపోతే ఏమగునన్న ఊహయే ఆ వస్తువు. ఈ ఊహ మన సాహిత్యంలో ఎట్లున్నది, పాశ్చాత్య కళలో ఎట్లున్నది, మన నగరంలోని జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలలో వెలసిన తెలుగు చిత్రసీమలో ఏ రూపం దాల్చినది అన్న విషయాలను క్రమముగా పరిశీలిద్దాం.

మయసభ, తిలిస్మ్

మనిషిని లోపలికి పిలిచి భ్రమింపజేసే కట్టడం మనకు కొత్త కాదు. భారతంలోని మయసభ అటువంటిదే. ఖాండవ దహనంలో అర్జునుని శరణు పొంది ప్రాణాలు దక్కించుకొన్న మయుడు, ఆ కృతజ్ఞతతో ధర్మరాజునకు ఒక సభను నిర్మించి ఇచ్చినాడు. దానికి పదునాలుగు నెలలు పట్టినదని వ్యాసభారతం చెబుతున్నది. సుయోధనుడు అందులో ప్రవేశించి నేలను నీరనుకొని బట్టలు ఎత్తిపట్టుకొన్నాడు. నీటిని నేల అనుకొని అందులో పడినాడు. పదకొండవ శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన సభాపర్వం ద్వారా ఈ ఘట్టం మనదైనది. 1977లో నందమూరి తారక రామారావు ‘దానవీరశూర కర్ణ’ చిత్రం ద్వారా చదువురాని వారికి కూడా కంఠస్థమైనది.

ఉర్దూ దాస్తానులలో మయసభకు సాటి వచ్చునది తిలిస్మ్. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుండి సంపుటములుగా ప్రకటించిన ‘తిలిస్మె హోష్‌రుబా’ మన ఉర్దూ విభాగం విద్యార్థులకు సుపరిచితము. తిలిస్మ్ అనగా మాంత్రికులు కట్టిన మాయాలోకం. అందులో పుత్లాలు ఉంటాయి. ఇవి మంత్రబలంతో కదిలే బొమ్మలు. యజమాని ఆజ్ఞ ఇచ్చినంతనే పని చేస్తాయి. నేటి వారు రోబో అన్న మాటతో సూచించే భావం ఆ పుత్లాలో ఉన్నదనుట అతిశయోక్తి కాదు. అయితే తిలిస్మ్‌కు ఒక నియమం కలదు. ఎంత గట్టి తిలిస్మ్‌కైనా దానిని ఛేదించు విధము తెలిపే ఒక ఫలకం ఎక్కడో దాగి ఉంటుంది. దానిని ‘లౌహ్’ అంటారు. అది చేతికి చిక్కిన వీరుడు మాయకు లొంగడు.

ఈ రెండింటిని పక్కపక్కన ఉంచి చూచినప్పుడు ఒక భేదం కనిపిస్తుంది. మయసభలో ప్రవేశించినవానికి తన చుట్టూ ఉన్నది మాయ అని ముందుగా ఎవరూ తెలుపలేదు. తెలుపకపోవడం వలన అవమానం, అవమానం వలన వైరం పుట్టినవి. తిలిస్మ్‌లో వీరుడు అది మాయాలోకమని తెలిసియే అడుగు పెడతాడు. లౌహ్ కొరకు వెదకుతాడు. తెలిసి ప్రవేశించడం, తెలియక చిక్కుకొనడం అన్న ఈ తారతమ్యమే నేటి యంత్రప్రాణి సంయోగాన్ని విచారించుటకు మనకు గీటురాయి.

పాశ్చాత్య ప్రయోగాలు

ఫ్రెంచి కళాకారుడు పియర్ హ్యూగ్ 2017లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ పట్టణంలో, వాడుకలో లేని ఒక మంచు స్కేటింగ్ శాలను తన కళకు రంగస్థలం చేసికొన్నాడు. కాంక్రీటు నేలను కోసి మట్టిని బయటపెట్టినాడు. తేనెటీగలు, నెమళ్ళు అందులో తిరిగినవి. ఒక ఇంక్యుబేటరులో మానవ క్యాన్సర్ కణాలు పెరుగుతుండగా, ఆ పెరుగుదలను కంప్యూటరు గమనించి ఆ ఆవరణలోని దృశ్యాలలో మార్పులు కలిగించేది. 2021లో అనికా యీ అనే కళాకారిణి లండనులోని టేట్ మోడర్న్ మ్యూజియంలో గాలిలో తేలియాడే యంత్రాలను విడిచినది. జెల్లీచేపలను, పుట్టగొడుగులను తలపించే ఆ యంత్రాలు సందర్శకుల దేహోష్ణాన్ని పసిగట్టి తమ గతిని తామే మార్చుకొనేవి.

విజ్ఞానశాస్త్రం కూడా ఈ బాటలోనే నడుస్తున్నది. 2020లో అమెరికాలోని వెర్మాంట్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు కంప్యూటరు చేత ఆకృతిని రూపొందింపజేసి, కప్ప పిండకణాలతో ఆ ఆకృతిని నిజంగా కట్టి, దానికి ‘జీనోబాట్’ అని పేరు పెట్టినారు. 2022లో ఆస్ట్రేలియాలోని కార్టికల్ ల్యాబ్స్ వారు గాజుపళ్ళెంలో పెంచిన సుమారు 8 లక్షల నాడీకణాలకు ‘పాంగ్’ అనే వీడియో ఆట నేర్పినారు.

ఇక్కడ ఒక పేరును స్మరించుట అవసరం. 1951లో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ క్యాన్సరు చికిత్స పొంది అదే సంవత్సరం మరణించినది. ఆమె అనుమతి లేకుండా తీసిన కణాలు ‘హీలా’ అన్న పేరుతో ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ వ్యాపించినవి. వాటి వలన వైద్యం ఎంతో ముందుకు సాగినది, కాదనలేము. కాని ఆమెను అడిగినవారు లేరు. ఆ కణాలతో లాభం పొందిన ఒక సంస్థతో ఆమె కుటుంబానికి రాజీ కుదిరేసరికి 2023వ సంవత్సరం వచ్చినది. ప్రాణాన్ని యంత్రానికి జోడించే ప్రతి కల్పన వెనుక ఆ ప్రాణం ఎవరిది, వారిని అడిగినారా అన్న ప్రశ్న ఉండి తీరవలెను.

ఫిల్మ్ నగర్ కల్పన

మన నగరానికి వద్దాం. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు నుండి క్రమక్రమముగా హైదరాబాదుకు తరలివచ్చి, జూబ్లీ హిల్స్ బండరాళ్ళ నడుమ ఫిల్మ్ నగర్‌గా స్థిరపడినది. ఆ గుట్టలకు సమీపముననే, బంజారా హిల్స్‌లోని అన్నపూర్ణ స్టూడియోలో 2023 నాటికి వర్చువల్ ప్రొడక్షన్ వేదిక వెలసినది. నటుని వెనుక వంపు తిరిగిన ఎల్.ఇ.డి. గోడ ఉంటుంది. కెమెరా కదలినప్పుడల్లా గోడపైని దృశ్యం తదనుగుణముగా మారుతుంది. నటుడు నాలుగు గోడల మధ్య ఉండియే అడవిలోనో కోటలోనో ఉన్నట్లు కనిపిస్తాడు. మయుని శిల్పం మరల అవతరించినదా అనిపిస్తుంది.

యంత్రప్రాణి సంయోగాన్ని తెలుగు చిత్రం విస్తారంగా ఊహించినది ‘కల్కి 2898 ఏ.డి.’లో. 1974లో చలసాని అశ్వనీదత్ నెలకొల్పిన వైజయంతీ మూవీస్ సంస్థ దీనిని నిర్మించగా, నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న ఇది విడుదలైనది. ఇందులో యంత్రమూ ప్రాణమూ కలియుటకు రెండు నమూనాలున్నవి. రెండూ పరస్పర విరుద్ధములు.

మొదటిది బుజ్జి. ఇది కృత్రిమ మేధ. మొదట దీనికి మెదడే కాని శరీరం లేదు. భైరవుడు దానికి ఒక వాహనాన్ని దేహంగా కట్టి ఇస్తాడు. ఆ తరువాత అది అతనికి తోడై తిరుగుతుంది. మాట్లాడుతుంది, పరిహసిస్తుంది, మందలిస్తుంది. దానికి గొంతు ఇచ్చినది నటి కీర్తి సురేష్. ఈ వాహనాన్ని తెరపై బొమ్మగా విడువక, మహీంద్రా, కోయంబత్తూరులోని జయం సంస్థల ఇంజనీర్ల సహాయంతో నిజంగా నిర్మించినారు. సుమారు 6 టన్నుల బరువుతో, ముందు రెండు పెద్ద చక్రాలు, వెనుక గోళాకారపు చక్రం ఒకటి గల ఆ యంత్రాన్ని 2024 మే నెలలో రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రజలకు చూపినారు.

రెండవది కాంప్లెక్స్. కాశీ నగరంపై తలక్రిందులైన పిరమిడ్ వలె నిలిచిన ఈ కట్టడానికి అధిపతి సుప్రీం యాస్కిన్. కమల్ హాసన్ ధరించిన పాత్ర ఇది. యంత్రసాధనాల ఆధారంతో నిలిచిన శుష్కదేహం అతనిది. అతని జీవశక్తి కొరకు స్త్రీలను బంధించి, వారి గర్భాల నుండి ఒక ద్రవాన్ని లాగుతారు. బందీలకు పేర్లు లేవు, సంఖ్యలే ఉన్నవి. కథానాయిక కూడా అక్కడ ఒక సంఖ్యయే. సుమతి అన్న పేరు ఆమెకు తరువాత లభించినది.

బుజ్జి కథలో ఒకరు ఇవ్వగా మరొకరు పుచ్చుకొనుట ఉన్నది. యాస్కిన్ కథలో లాగుకొనుట మాత్రమే ఉన్నది. రెండుచోట్లా సాంకేతిక విద్య ఒకటే. వాటిని వేరు చేసేది సమ్మతి.

గొంతు ఎవరిది?

ఇది వట్టి కల్పన అని తోసివేయుటకు వీలు లేదు. గొంతు కూడా దేహంలో భాగమే. కమల్ హాసన్‌కు అనేక తెలుగు చిత్రాలలో గొంతు అరువిచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న పరమపదించినారు. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ చిత్రంలో ఆయన గొంతును కృత్రిమ మేధతో పునఃసృష్టించినారన్న అభ్యంతరంతో 2024 జనవరిలో ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ చిత్రబృందానికి న్యాయవాది ద్వారా నోటీసు పంపినారు. సాంకేతిక విద్యకు తాము విరోధులము కామని, తమకు తెలియజేయక, అనుమతి కోరక వాడుటయే తమ బాధ అని ఆయన వివరించినారు. ఇంచుమించు ఆ రోజులలోనే తమిళ చిత్రం ‘లాల్ సలామ్’లో ఎ.ఆర్. రెహమాన్, గతించిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను ఇదే విద్యతో వినిపించినారు. వారి కుటుంబాల అనుమతి పొంది, తగిన పారితోషికం చెల్లించినట్లు ఆయన ప్రకటించినారు. విద్య ఒక్కటే, ఒకచోట వేదన మిగిలినది, మరొకచోట గౌరవం దక్కినది.

పేరుగల వారికి న్యాయస్థానమైనా దిక్కు. 2025 సెప్టెంబరులో నటుడు నాగార్జున ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించి, తన పేరును, రూపాన్ని, గొంతును అనుమతి లేకుండా వాడకుండా రక్షణ పొందినారు. పేరులేని వారి మాట ఏమిటి? జూబ్లీ హిల్స్ దిగువన, యూసుఫ్‌గూడను ఆనుకొని కృష్ణానగర్ ఉన్నది. జూనియర్ ఆర్టిస్టులు, డబ్బింగు కళాకారులు, పని కొరకు ఎదురుచూచే యువకులు అక్కడి గదులలో నివసిస్తారు. ఒకసారి వారి ముఖాన్ని యంత్రంలో పట్టుకొంటే, తరువాత వేయి చిత్రాలలో గుంపుగా నిలపవచ్చును. 2023లో అమెరికా నటులు 118 దినములు సమ్మె చేసినప్పుడు వారి భయాలలో ఇది కూడా ఒకటి. సంఖ్యగా మారిన మనిషి కథ కాంప్లెక్స్‌లోనిది మాత్రమే కాదన్నమాట.

ముగింపు

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఆ గుట్టల మీది స్టూడియోలలో అనువాదకులుగా, గ్రాఫిక్స్ నిపుణులుగా, డబ్బింగు కళాకారులుగా చేరవచ్చును. యంత్రాన్ని చూచి భయపడుట అనవసరము. దాని ముందు మోకరిల్లుట అంతకన్నా అనవసరము. ఏ కాగితంపైన సంతకం పెట్టమన్నా, అందులో మీ ముఖము, మీ గొంతు ఏ పనికి, ఎంతకాలము, ఎంత ప్రతిఫలానికి వాడబడునో చదువుకొనండి. అర్థము కానిచో అడగండి. అడుగుట అవిధేయత కాదు. అటులనే మీరు ఇతరుల గొంతును వాడవలసి వచ్చినప్పుడు, అతడు జీవించియున్నచో అతనిని, గతించినచో అతని వారిని అడగండి. తిలిస్మ్‌లోనికి పోయే వీరుడు లౌహ్‌ను వెదకుకొన్నాడు. నేటి మాయాలోకానికి లౌహ్ మరేదో కాదు, తెలిసి ఇచ్చిన సమ్మతియే.