వంటయింటి ద్వారపాలిక

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మన పెద్దలు చెప్పుదురు. తెలుగునాట మాంసాహారుల యిండ్లలో మేక కార్జమును, తలకాయను, బోటిని మక్కువతో వండుకొందురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోనో, అనేక కుటుంబములవారు కండమాంసమును మాత్రమే కోరి, గుండెకాయ, మూత్రపిండము మొదలగు భాగములను ఏవగించుకొనెడివారు. ఒకరికి విందైన వస్తువు వేరొకరికి వెగటగుటకు కారణము వస్తువునందలి దోషము కాదు, అలవాటు.

1941 డిసెంబరులో అమెరికా రెండవ ప్రపంచ యుద్ధమున ప్రవేశించెను. సైనికులకును, మిత్రరాజ్యములకును మాంసమును విస్తారముగా పంపవలసి వచ్చెను. 1943 మార్చిలో ప్రభుత్వము ప్రజలకు మాంసమును రేషను పద్ధతిపై ఇయ్యసాగెను. అట్టి కాలమున బలకరములగు భాగములను ప్రజలు నిరాకరించుట దేశమునకు నష్టము గదా! ఆహారపుటలవాట్లను మార్చు మార్గములను పరిశీలించుటకు జాతీయ పరిశోధన మండలిలో ఒక సంఘ మేర్పడెను. మానవశాస్త్రజ్ఞురాలగు మార్గరెట్ మీడ్ దానికి కార్యదర్శిని. అయోవా విశ్వవిద్యాలయమునందున్న కుర్ట్ లెవిన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ఈ కార్యమునకు పూనుకొనెను. ఆయన యూదుడు, హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లో జర్మనీని వీడి అమెరికా చేరినవాడు.

లెవిన్ మొట్టమొదట ఒక ప్రశ్న వేసికొనెను: ఇంటిలో ఏమి వండవలయునో నిర్ణయించువారెవరు? ఆహారము అంగడినుండియో, పెరటితోటనుండియో కాలువలో నీరువలె ఇంటికి వచ్చును. ఆ కాలువకు తూము వద్ద నిలిచినది గృహిణి. ఆమె అనుమతింపనిదే ఏ వస్తువును పళ్లెములోనికి రాదు. కావున ఆమెయే ద్వారపాలిక. మార్పు ఆమెతోనే ఆరంభము కావలయును.

రెడ్ క్రాస్ సంస్థలో స్వచ్ఛందముగా పనిచేయు స్త్రీలను ఆరు బృందములుగా తీసికొనిరి. ఒక్కొక్క బృందమున 13 మొదలు 17 మంది వరకు ఉండిరి. మూడు బృందములకు ఉపన్యాసము లిచ్చిరి. ఆ మాంసములోని పోషక విలువలను, వాటి చౌకదనమును, యుద్ధకాలపు అవసరమును వివరించి, వండు విధానములను వ్రాసిన కాగితములను పంచిరి. స్త్రీలు శ్రద్ధతో విని ఇండ్లకు వెడలిరి.

తక్కిన మూడు బృందములలో పద్ధతి వేరు. “మనవంటి గృహిణులు దీనిని వండుటకు అడ్డమేమి?” అను విషయమును స్త్రీలే చర్చించిరి. భర్తకు గిట్టదని కొందరు, ఉడుకునప్పటి వాసన భరింపరానిదని కొందరు పలికిరి. అడ్డంకులు బయటపడిన పిమ్మటనే నిపుణురాలు ఉపాయములను తెలిపెను. ఉపాయములు లేకపోలేదు. మూత్రపిండముపై పొరను, లోపలి తెల్లని భాగమును తీసివేసి ఉప్పునీట నానబెట్టినచో వాసన తగ్గును. గుండెకాయ ఎడతెగక పనిచేయు కండరము గనుక గట్టిగా నుండును. సన్నని సెగపై చాలసేపు ఉడికించినచో మెత్తబడును. సమావేశాంతమున, “రాబోవు వారములో దీనిని వండి చూచువారెవరు?” అని యడుగగా, సమ్మతించిన స్త్రీలు చేతులు పైకెత్తిరి.

కొన్నాళ్లకు విచారింపగా, ఉపన్యాసము విన్నవారిలో నూటికి 3 గురు మాత్రమే తా మెన్నడును వండని మాంసమును వండిరి. చర్చించి నిశ్చయించుకొన్నవారిలో నూటికి 32 మంది వండిరి.

అయినను ఈ ఫలితమును తొందరపడి పొగడరాదు. తరువాత విచారణ జరుగునని రెండవ తరగతివారికి ముందుగానే తెలిపిరి, మొదటివారికి తెలుపలేదు. పరీక్షలో ఇది యొక లోపము. 1955లో వెలువడిన మరియొక పరిశోధన, చర్చయే ప్రధానము కాదనియు, తాను నిశ్చయించుకొనుటయు, తోటివారును అట్లే నిశ్చయించిరని యెరుగుటయు ముఖ్యములనియు తేల్చెను. అదియునుగాక, చర్చించినవారిలో సైతము నూటికి 68 మంది వండనేలేదు. అలవాటు అంత బలీయమైనది.

మంచిదని తెలిసినంత మాత్రమున మనుజుడు దానిని ఆచరింపడు. తన సందేహమును తాను చెప్పుకొని, దానికి సమాధానము పొంది, “చేయుదును” అని నలుగురిలో నిశ్చయించుకొన్ననాడు చేయి పనికి సాగును. ఇతరులకు హితము చెప్పగోరువారు ముందుగా వారి మాట వినవలయును.

ప్రశ్నలు

1. లెవిన్ గృహిణిని ద్వారపాలికగా ఏల భావించెను?
2. రెండు పద్ధతులకును గల భేదమేమి? ఫలితములను తెలుపుము.
3. ఈ పరీక్షలోని లోపమేమి?