ఇంటర్నెట్ పొలిమేరలు: దారి చెప్పే ఒప్పందం

ఇంటర్నెట్ ఒకే యజమాని నడిపే వ్యవస్థ కాదు. వేలకొలది స్వతంత్ర నెట్‌వర్కుల కలయిక. డాలస్‌లోని కుటుంబం విజయవాడలోని పెద్దలతో వీడియోలో మాట్లాడినప్పుడు, ఆ మాటలు చిన్న పొట్లాలుగా విడిపోయి, పలు సంస్థల పొలిమేరలు దాటి ప్రయాణిస్తాయి. ఏ చిరునామాకు ఏ దారిన పోవాలో ఆ సంస్థల రౌటర్లు పరస్పరం చెప్పుకునే పద్ధతికి బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, క్లుప్తంగా బి.జి.పి., అని పేరు. 1989లో ఆస్టిన్ నగరంలో జరిగిన ఒక సమావేశ సందర్భంగా యాకొవ్ రెఖ్టర్, కర్క్ లోహీడ్ దీని తొలి రూపాన్ని భోజనం బల్ల వద్ద కాగితపు నాప్‌కిన్ల మీద రాసుకున్నారు. నేడు వాడుకలో ఉన్నది దాని నాలుగవ రూపం.

సామాన్య గృహానికి దీని అవసరం లేదు. ఒక లైను తెగినా పని ఆగకూడదని ఇద్దరు ప్రొవైడర్ల వద్ద కనెక్షన్ తీసుకునే బ్యాంకు, విశ్వవిద్యాలయం వంటి ఖాతాదారులకు ఇది ఆవశ్యకం.

ప్రతి నెట్‌వర్కుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎదుటివారి చిరునామాను, సంఖ్యను ఉభయులూ తమ రౌటర్లలో ముందుగానే నమోదు చేయాలి. అటుపై టి.సి.పి. 179వ ద్వారం గుండా సంభాషణ మొదలవుతుంది. ఎదుటివారి నుండి కబురు లేకుండా ఎంతసేపు వేచి ఉండాలో ఇరువురూ చెప్పుకుంటారు; రెండింటిలో తక్కువదే ఖాయమవుతుంది. ప్రమాణ పత్రం సూచించే గడువు 90 సెకన్లు. అందులో మూడవ వంతుకొకసారి, అంటే 30 సెకన్లకు, ‘ఉన్నాను’ అనే కబురు పంపాలి. గడువు దాటితే సంభాషణ ముగిసి, దాని ద్వారా తెలిసిన దారులన్నీ రద్దవుతాయి. గడువు మరీ తక్కువైతే స్వల్ప ఆలస్యానికే బంధం తెగుతుంది. మరీ ఎక్కువైతే పనిచేయని లైనులోకి సమాచారం పోతూనే ఉంటుంది.

అయితే సంభాషణ నిలబడినంత మాత్రాన చెప్పిన మాట నిజమని అర్థం కాదు. 2008 ఫిబ్రవరి 24న, ప్రభుత్వ ఆదేశంపై యూట్యూబ్‌ను దేశంలో నిలిపివేయబోయిన పాకిస్తాన్ టెలికాం, యూట్యూబ్ చిరునామాలు కొన్ని తన వద్దనే ఉన్నట్లు ప్రకటించింది. దాని పై ప్రొవైడర్ సరిచూడక ఆ కబురును లోకానికి చాటింది. యూట్యూబ్ ప్రకటించినది 1,024 చిరునామాల సముదాయం. ఇది అందులోని 256 మాత్రమే. మరింత నిర్దిష్టమైన దారినే రౌటర్లు ఎంచుకుంటాయి గనుక, సుమారు రెండు గంటలపాటు ప్రపంచంలో అనేకులకు యూట్యూబ్ అందలేదు.

ఇందుకు విరుగుడు ఉభయుల చేతిలోనూ ఉంది. ప్రొవైడర్ ఖాతాదారుని సొంత చిరునామాలను మాత్రమే అంగీకరించాలి. ప్రకటనల సంఖ్యకు పరిమితి పెట్టాలి. ఖాతాదారు ఒక ప్రొవైడర్ వద్ద తెలుసుకున్న దారులను రెండవవారికి పంపరాదు. సంభాషణకు రహస్యపదం ఉండాలి. పొట్లంపై ఉండే 255 అనే అంకె ప్రతి రౌటరు వద్ద ఒకటి చొప్పున తగ్గుతుంది. కాబట్టి 255తోనే వచ్చిన దానిని మాత్రమే పొరుగువారిదిగా స్వీకరిస్తే, దూరం నుండి వచ్చే మోసపు కబుర్లు ఆగిపోతాయి. ఏ చిరునామాను ఎవరు ప్రకటించవచ్చునో తెలిపే డిజిటల్ సంతకపు పత్రాలు కూడా నేడు ఉన్నాయి. స్పష్టమైన నిబంధన రాయనిదే ఏ దారినీ స్వీకరించరాదు, పంపరాదు అని 2017లో ప్రమాణమే నిర్దేశించింది.

పొలిమేర వద్ద ఇరుగుపొరుగులు పాటించే ఈ జాగ్రత్తల మీదనే, ఖండాంతరాలలోని ఆత్మీయుల పలకరింపు ఆధారపడి ఉంది.