కొలెట్ బ్లాక్: మైక్రోమీటర్‌కు చిక్కని తప్పు

ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న బజారు పేరు ప్రేమ్ బజార్. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే రైల్వే వర్క్‌షాప్ ఉంది. వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న రైలు మార్గం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ పట్టాల మీదికి చేరాయి. రైల్వే పనుల కోసం వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. టర్నర్, ఫిట్టర్ వంటి మాటలు ఆ ఇళ్లలో తరాలుగా వినిపిస్తున్నాయి.

రైలు చక్రాల పనిలో ఒక పాత సూత్రం ఉంది. ఇరుసు రెండు చివర్లలో చిన్న సెంటర్ రంధ్రాలు ఉంటాయి. ఆ రెండు రంధ్రాల మధ్య గీసిన ఊహా రేఖే అక్షం. ఇరుసును లేత్ మీద ఎన్నిసార్లు ఎక్కించినా ఆ రంధ్రాల్లోనే పట్టుకుంటే అక్షం మారదు. చక్రాల అంచులు రెండూ ఆ రేఖ చుట్టూనే తిరుగుతాయి. ఇంట్లో చిన్న లేత్, మిల్లింగ్ మిషన్ పెట్టుకున్న వారు చేసుకోగలిగే కొలెట్ బ్లాక్‌కు కూడా ప్రాణం ఈ సూత్రమే.

కొలెట్ బ్లాక్ అంటే?

గుండ్రటి కడ్డీ చివర నాలుగు పలకలు తీయాలి, లేదా బోల్టు తలలా ఆరు పలకలు తీయాలి అనుకుందాం. మామూలు వైస్‌లో గుండ్రటి కడ్డీని బిగిస్తే మొదటి పలక సులువుగానే వస్తుంది. రెండో పలక కోసం కడ్డీని సరిగ్గా 90 లేదా 60 డిగ్రీలు తిప్పి పట్టుకోవడమే కష్టం. డివైడింగ్ హెడ్ ఉంటే ఆ పని జరుగుతుంది కానీ అది ఖరీదైనది, బరువైనది.

కొలెట్ బ్లాక్ ఈ చిక్కును తేలిగ్గా విప్పుతుంది. అది నాలుగు లేదా ఆరు ముఖాలున్న ఉక్కు దిమ్మ. దాని నడుమ రంధ్రం, రంధ్రం మూతి దగ్గర టేపర్, ఆ టేపర్‌లో కూర్చునే కొలెట్ ఉంటాయి. కడ్డీని కొలెట్ బిగించి పట్టుకుంటుంది. దిమ్మను వైస్‌లో ఒక ముఖం మీద కూర్చోబెట్టి కోస్తారు. తర్వాత వైస్ వదులు చేసి, దిమ్మను పక్క ముఖం మీదికి దొర్లించి మళ్లీ కోస్తారు. కోణం లెక్క దిమ్మలోనే ఉంది కాబట్టి మళ్లీ కొలవనక్కర్లేదు. నలుపలక, ఆరుపలక దిమ్మలు రెండూ ఉంటే వృత్తాన్ని 2, 3, 4, 6 సమభాగాలు చేయవచ్చు. ఐదు, ఏడు భాగాలు మాత్రం వీటితో కుదరవు.

కొలెట్ ఎలా బిగుస్తుంది?

ఇంటి వర్క్‌షాపులకు బాగా సరిపోయేది ఈఆర్ రకం కొలెట్. స్విట్జర్లాండ్‌కు చెందిన రెగో-ఫిక్స్ సంస్థ 1973లో దీన్ని రూపొందించింది. దీని వెలుపలి టేపర్ అక్షానికి 8 డిగ్రీల వాలులో ఉంటుంది. నట్ బిగించినప్పుడు కొలెట్ లోపలికి జరుగుతుంది, టేపర్ దాన్ని చుట్టూ నొక్కుతుంది, కొలెట్‌లోని చీలికలు మూసుకుని కడ్డీని పట్టుకుంటాయి. ఈఆర్ 25 కొలెట్ ఒక్కొక్కటి దాదాపు 1 మిల్లీమీటరు వరకు ముడుచుకోగలదు. అంత ముడుచుకోవాలంటే అది సుమారు 3.6 మిల్లీమీటర్లు లోపలికి జరగాలి.

ఇది చీల సూత్రమే. ఘర్షణ లేకపోతే 8 డిగ్రీల వాలు మీద తోసిన బలం పక్కలకు 7 రెట్లై పనిచేయాలి. ఉక్కు మీద ఉక్కు జారేటప్పుడు ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే ఆ లాభం 4 రెట్లకు పడిపోతుంది. అంటే నట్ మీద పెట్టిన శ్రమలో చాలా భాగం రాపిడికే పోతుంది. టేపర్‌ను, నట్ లోపలి భాగాన్ని శుభ్రంగా తుడిచి పల్చగా నూనె రాయమని చెప్పేది అందుకే.

వాడేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. కొలెట్‌ను ముందు నట్‌లోకి క్లిక్‌మనేలా ఎక్కించి, ఆ తర్వాతే రెండింటినీ కలిపి దిమ్మలో పెట్టాలి. నట్ లోపల ఒక పక్కకు జరిగిన అంచు ఉంటుంది. నట్ విప్పేటప్పుడు అదే కొలెట్‌ను బయటికి లాగుతుంది. కొలెట్‌ను నేరుగా టేపర్‌లో పడేసి పైన నట్ బిగిస్తే అది వంకరగా కూర్చుంటుంది, విప్పేటప్పుడు లోపలే ఇరుక్కుపోతుంది.

ఒకే పట్టులో నాలుగు పనులు

ఈఆర్ 25 కొలెట్‌తో 45 మిల్లీమీటర్ల నలుపలక దిమ్మ చేయాలనుకుందాం. ఆ నట్ వెలుపలి వ్యాసం 42 మిల్లీమీటర్లు. దిమ్మ అంతకన్నా కాస్త పెద్దదైతే నట్ వైస్ అడుగుకు తగలదు. నలుపలక మూల నుంచి మూలకు 63.6 మిల్లీమీటర్లు వస్తుంది కాబట్టి 65 మిల్లీమీటర్లకు తక్కువ కాని గుండ్రటి మైల్డ్ స్టీల్ లేదా ఈఎన్ 8 ఉక్కు కావాలి. పూర్తయిన దిమ్మ పొడవు 60 మిల్లీమీటర్లు అనుకుంటే, చక్‌లో పట్టుకోవడానికి మరో 25 మిల్లీమీటర్లు అదనంగా ఉంచుకోవాలి.

ముక్కను చక్‌లో ఒక్కసారి బిగించాక, వదలకుండా నాలుగు పనులు పూర్తి చేయాలి. మొదట వెలుపలి గుండ్రాన్ని, కనీసం 64 మిల్లీమీటర్లు మిగిలేలా, నునుపుగా తిప్పాలి. రెండోది, ఆ చివర నుంచి ఈ చివరకు సుమారు 17 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి. పొడవాటి కడ్డీ అందులోంచి వెనక్కి పోతుంది. మూడోది, ముందు భాగాన్ని సన్నం చేసి నట్‌కు సరిపోయే ఎం 32, 1.5 మిల్లీమీటర్ల పిచ్ మర కోయాలి. కొలెట్ బిగిసిన తర్వాత కూడా నట్‌కు, దిమ్మ భుజానికి మధ్య ఖాళీ మిగిలేలా ఈ మర పొడవు చూసుకోవాలి. నాలుగోది, చివరగా టేపర్‌ను బోరింగ్ బార్‌తో తీయాలి.

టేపర్ కోసం లేత్ పై స్లైడ్‌ను 8 డిగ్రీలకు తిప్పుతారు. దాని మీది డిగ్రీ గీతలను మాత్రమే నమ్మితే చాలదు. ఆ కోణాన్ని త్రికోణమితితో సరిచూడవచ్చు. సమంగా తిరుగుతున్న నిటారైన గుండ్రటి కడ్డీ పక్కన డయల్ గేజ్‌ను పై స్లైడ్‌కు బిగించి, స్లైడ్‌ను 50 మిల్లీమీటర్లు నడపాలి. డయల్ ముల్లు 6.96 మిల్లీమీటర్లు కదిలితే కోణం సరైనది. 50ని సైన్ 8 డిగ్రీలతో గుణిస్తే వచ్చేది ఆ సంఖ్యే. కోణంలో పదో వంతు డిగ్రీ తేడా ఉన్నా డయల్ మీద దాదాపు 0.09 మిల్లీమీటరు తేడా కనిపిస్తుంది. కంటికి అందనిది ముల్లుకు అందుతుంది.

బోరింగ్ టూల్ మొన సరిగ్గా అక్షం ఎత్తులో ఉండాలి. పైకో కిందికో ఉంటే టేపర్ గోడ సరళరేఖగా రాక కొద్దిగా వంపు తిరుగుతుంది. చివరగా కొలెట్ మీద పల్చగా నీలం రంగు పూసి టేపర్‌లో తిప్పి చూడాలి. రంగు పొడవునా సమంగా అంటితే కొలెట్ అంతటా ఆనుతున్నట్టు. మూతి దగ్గరో అడుగునో మాత్రమే అంటితే కోణం మళ్లీ సరిచేయాలి. ఆ సవరణ కూడా ముక్క చక్‌లో ఉండగానే జరగాలి.

వెలుపలి గుండ్రం, మర, టేపర్ అన్నీ ఒకే అక్షం చుట్టూ ఉండటానికి ఈ ఒకే పట్టే కారణం. ముక్కను విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ కొత్త అక్షం పుడుతుంది.

మైక్రోమీటర్ ఎందుకు మోసపోతుంది?

ఇప్పుడు ముఖాలు. దిమ్మ వెడల్పు నాలుగు వైపులా కచ్చితంగా 45 మిల్లీమీటర్లు వచ్చింది, కానీ రంధ్రం నడిమికి 0.05 మిల్లీమీటరు పక్కకు జరిగింది అనుకుందాం. ఈ దిమ్మతో 10 మిల్లీమీటర్ల నలుపలక తీయాలి. కట్టర్‌ను వైస్ అడుగు నుంచి 27.5 మిల్లీమీటర్ల ఎత్తులో పెడతారు.

దిమ్మ మొదటి ముఖం మీద కూర్చున్నప్పుడు అక్షం ఎత్తు 22.55. పైన మిగిలింది 4.95. ఎదురు ముఖం మీదికి తిప్పితే అక్షం ఎత్తు 22.45. పైన మిగిలింది 5.05. ఈ రెండూ కలిపితే సరిగ్గా 10.00. మైక్రోమీటర్‌తో కొలిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. నిజానికి ఆ నలుపలక కడ్డీ నడుమ లేదు, 0.05 పక్కకు జరిగింది. ఒక వైపు తగ్గినంతా ఎదురు వైపు పెరిగింది కాబట్టి మొత్తం కొలతలో తప్పు మాయమైంది.

స్పానర్‌తో తిప్పే బోల్టు తలకు ఈ తేడా ఏమీ కాదు. అదే నలుపలక మీద గేరును ఎక్కిస్తే మాత్రం గేరు ఊగిసలాడుతుంది, పళ్లు ఒకచోట బిగుతుగా, మరోచోట వదులుగా కలుస్తాయి.

తప్పును పట్టే పద్ధతి

దీనికి కావలసినవి నునుపుగా గ్రైండ్ చేసిన 10 మిల్లీమీటర్ల డోవెల్ పిన్, సమతలమైన సర్ఫేస్ ప్లేట్, డయల్ గేజ్. పిన్‌ను కొలెట్‌లో బిగిస్తే కంటికి కనిపించని అక్షం చేతికి అందినట్టే. దిమ్మను ఒక ముఖం మీద నిలిపి పిన్ పైభాగాన డయల్ ఆనించి రీడింగ్ చూడాలి. ఎదురు ముఖం మీదికి తిప్పి మళ్లీ చూడాలి. రెండు రీడింగ్‌ల తేడాలో సగం, అక్షం ఎంత జరిగిందో చెబుతుంది. పిన్ పొడవునా రెండు చోట్ల చూస్తే దిమ్మ ముఖం అక్షానికి సమాంతరంగా ఉందో లేదో కూడా తెలుస్తుంది.

ముఖాలు కోసేటప్పుడే ఈ కొలతను వాడుకోవాలి. గుండ్రటి దిమ్మను వైస్‌లో ప్యారలల్స్ మీద పడుకోబెట్టి మొదటి ముఖం కోస్తారు. వెలుపలి గుండ్రం అక్షంతో ఒకే పట్టులో వచ్చింది కాబట్టి ఆ ముఖం అక్షానికి సమాంతరంగా వస్తుంది. ఆ ముఖాన్ని వైస్ స్థిర దవడకు ఆనించి, దానికి లంబంగా రెండో ముఖం కోస్తారు. మిగతా రెండు వీటి మీద కూర్చోబెట్టి కోస్తారు. ప్రతిసారీ బర్ తీసి, వైస్‌లోని రజను తుడిచాకే బిగించాలి.

మొదటి వరసలో ముఖాల మీద 0.3 మిల్లీమీటరు మిగిల్చి, పిన్ పెట్టి కొలవాలి. ఎదురెదురు రీడింగ్‌లలో 0.08 తేడా వచ్చిందనుకుంటే, అక్షానికి దూరంగా ఉన్న ముఖం నుంచి ఆ 0.08 తీసేస్తే రెండూ సమమవుతాయి. తర్వాత రెండు వైపుల నుంచి సమానంగా తీస్తూ 45కు చేరాలి.

ఆరుపలక దిమ్మకు 45 మిల్లీమీటర్ల వెడల్పు కావాలంటే కనీసం 52 మిల్లీమీటర్ల గుండ్రం చాలు. దీని ముఖాలకు మాత్రం ఒక్కసారైనా డివైడింగ్ హెడ్ కావాలి. 40కి 1 నిష్పత్తి ఉన్న హెడ్‌లో ఒక్కో ముఖానికి హ్యాండిల్‌ను 6 చుట్లు, మరో మూడింట రెండు వంతులు తిప్పాలి. 18 రంధ్రాల వలయం మీద ఆ మిగులు 12 రంధ్రాలు. ఆ ఒక్కరోజుకు హెడ్‌ను ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నా సరిపోతుంది. ఆ తర్వాత 60 డిగ్రీల కొలత దిమ్మలోనే నిలిచిపోతుంది.

పూర్తయిన దిమ్మ మీద ఒక ముఖానికి చిన్న పంచ్ గుర్తు పెట్టుకోవడం మంచిది. ఏ ముఖం నుంచి మొదలుపెట్టారో తెలుస్తుంది, ఎప్పుడైనా తేడా వస్తే ఏ ముఖం కింద వచ్చిందో వెతకవచ్చు. పొట్టి కడ్డీని కొలెట్ ముందు భాగంలో మాత్రమే పట్టిస్తే కొలెట్ వెనక్కి ముడుచుకుని పట్టు జారుతుంది. అలాంటప్పుడు అదే వ్యాసమున్న చిన్న ముక్కను వెనుక పెట్టాలి. లోపల ఏమీ లేకుండా నట్‌ను గట్టిగా బిగించకూడదు. మిల్లింగ్ చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి. కట్టర్ పూర్తిగా ఆగిన తర్వాతే దిమ్మను తిప్పడానికి చేయి పెట్టాలి.