బూట్‌లోడర్ డ్రైవర్‌లో ఒక ఫీచర్‌కు స్విచ్ పెట్టడం ఎలా?

బీగల్‌బోన్ బ్లాక్ బోర్డులో 512 ఎంబీ మెమరీ ఉంది. కానీ కరెంటు ఇచ్చిన వెంటనే అది పనికి రాదు. దాన్ని సిద్ధం చేసేది ఎస్‌పీఎల్, అంటే యూ-బూట్ అనే బూట్‌లోడర్‌లో ముందుగా నడిచే చిన్న భాగం. అప్పటిదాకా అది చిప్ లోపలి చిన్న మెమరీలోనే నడవాలి కాబట్టి, 109 కేబీలో ఇమడాలి. అందుకే అక్కర్లేని ఫీచర్‌ను డ్రైవర్ నుంచి తప్పించే వీలు కల్పిద్దాం.

కావలసినవి

- లైనక్స్ ల్యాప్‌టాప్, యూ-బూట్ సోర్స్, మామూలు సీ కంపైలర్, ఆర్మ్ క్రాస్ కంపైలర్.
- బోర్డు లేకున్నా మొదలుపెట్టొచ్చు. యూ-బూట్‌లోని శాండ్‌బాక్స్ బిల్డ్ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. పూతలపట్టులో ఇంట్లో ఉన్నా, తిరుపతిలో హాస్టల్లో ఉన్నా అది చాలు.

చేసే పద్ధతి

1. ముందు కొలుద్దాం. ఏమీ మార్చకుండా బీగల్‌బోన్‌కు బిల్డ్ చేసి, ఎస్‌పీఎల్ సైజు రాసిపెట్టుకుందాం. ఇది మరిస్తే చివర్లో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.
2. నమూనా చూద్దాం. ఎంఎంసీ డ్రైవర్ల కేకాన్ఫిగ్ ఫైల్లో, అంటే బిల్డ్ స్విచ్‌లు రాసే ఫైల్లో, ఈఎంఎంసీ హార్డ్‌వేర్ పార్టిషనింగ్‌కు ఇలాంటి స్విచ్ ఉంది. దాని డిఫాల్ట్ 'వై', అంటే ఆన్. మనదీ అలాగే పెడదాం, పాత బోర్డులకు తేడా రాకూడదు కదా.
3. మన డ్రైవర్ కేకాన్ఫిగ్ ఫైల్లో స్విచ్ రాద్దాం. ఎస్‌పీఎల్‌కూ ఆ ఫీచర్ కావాలంటే, పేరు ముందు ఎస్‌పీఎల్ చేర్చి రెండో స్విచ్ రాయాలి.
4. కోడ్‌ను 'కాన్ఫిగ్ ఈజ్ ఎనేబుల్డ్' మాక్రోతో మామూలు ఇఫ్‌లో పెడదాం. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా కంపైలర్ ఆ కోడ్ చదివి తప్పులు చెబుతుంది, తర్వాతే తీసేస్తుంది.
5. వేరే ఫైళ్లు పిలిచే ఫంక్షన్‌ను తీసేస్తే లింకర్ ఆగిపోతుంది. అందుకే స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పటి కోసం హెడర్‌లో అదే పేరుతో ఖాళీ ఫంక్షన్ పెట్టి, ఎర్రర్ కోడ్ ఇప్పిద్దాం. సున్నా ఇస్తే, పిలిచిన కోడ్ పని జరిగిపోయిందనుకుంటుంది.
6. స్విచ్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి బిల్డ్ చేద్దాం. శాండ్‌బాక్స్‌లో నడిపి చూసి, మళ్లీ సైజు కొలుద్దాం.

తరచూ జరిగే తప్పులు

- ఉత్త ఇఫ్‌డెఫ్ వాడటం. మెయిన్ స్విచ్ ఆన్‌లో ఉంటే ఆ కోడ్ ఎస్‌పీఎల్‌లోకీ చేరుతుంది. మాక్రో అయితే ఎస్‌పీఎల్ బిల్డ్‌లో ఎస్‌పీఎల్ స్విచ్‌నే చూస్తుంది.
- మాక్రో లోపల పేరుకు ముందు మళ్లీ 'కాన్ఫిగ్' చేర్చడం. ఏ ఎర్రరూ రాదు, ఫీచర్ మాత్రం ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండిపోతుంది.
- బూట్ కావడానికే అవసరమైన భాగాన్ని ఆఫ్ చేయడం. ఎస్‌డీ కార్డు నుంచి లేచే బోర్డులో ఎంఎంసీ చదివే కోడ్ జోలికి పోవద్దు.
- సైజు తగ్గకున్నా స్విచ్ ఉంచేయడం. ఎవరూ పిలవని ఫంక్షన్లను లింకర్ ముందే తీసేసి ఉండొచ్చు. ప్రతి కొత్త స్విచ్‌తో పరీక్షించాల్సిన బిల్డులు పెరుగుతాయి. లాభం లేకపోతే దాన్ని వదిలేద్దాం.